డీజేకు ముందుగా చేరిన పాట

2024 వర్షాకాలం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఒక మొబైల్ షాపు పైగదిలో నేను మ్యూజిక్ డిస్ట్రిబ్యూషన్ పని మొదలుపెట్టి రెండేళ్లయింది. పాడేవాళ్ల రికార్డింగ్‌ను, దాని మెటాడేటాను సరిచూసి పాటల యాప్‌లన్నింటికీ చేర్చడం నా పని. మెటాడేటా అంటే పాట వివరాలు: పాడినవారు, కట్టినవారు, భాష, విడుదల తేదీ. ఒక్క గడి తప్పినా పాట వేరొకరి పేరున చేరిపోతుంది.

రాజురా నుంచి వచ్చిన పోశవ్వకు యాభై దాటాయి. పత్తి ఏరుతూ తాను కట్టుకున్న పాటను నా దగ్గరే రికార్డు చేయించింది. చదువు రాదు. కోరింది ఒక్కటే: ఫోన్‌కు తన పేరు చెబితే తన పాట రావాలి.

అప్‌లోడ్ చేసిన మూడో రోజే పాట తిరిగొచ్చింది. ప్రతి రికార్డింగ్ శబ్దానికి యంత్రం ఒక గుర్తు తీసుకుంటుంది, దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. పోశవ్వ గొంతు గుర్తు అప్పటికే మా ఊరి పక్కనున్న దుర్గాపూర్ డీజే సంతోష్ పేరున ఉంది, రీమిక్స్ రూపంలో.

"ఆయనకు పాటెట్ల పోయింది పెద్దమ్మా?"

"మా అల్లునితోని నేనే పంపిచ్చిన. పెండ్లిల మోగకుంటే పాట ఎవరింటరు బిడ్డా?"

మా వైపు పద్ధతే అది. పాట పూర్తయిన సాయంత్రానికే డీజేలకు చేరుతుంది. ఆ సంగతి తెలిసి కూడా విడుదలకు ముందే ఫైల్ వాళ్ల అల్లుడి చేతికిచ్చాను. తప్పు నాది.

రెండుసార్లు అప్పీలు చేశాను. రెండుసార్లూ ఒకటే జవాబు: హక్కు నమోదు చేసుకున్న వ్యక్తి వదులుకోవాలి. ఆ మాట చెప్పగానే పోశవ్వ చెప్పులేసుకుంది. "గట్లయితే ఆ పోరని దగ్గరికే నడువు."

మేం వెళ్లేసరికి సంతోష్ స్పీకర్లు తుడుస్తున్నాడు. రీమిక్స్ ఎక్కించేటప్పుడు 'రికార్డింగ్ మొత్తం నాదే' అన్న గడిలో టిక్ పెడితే గానీ ఫారం ముందుకు కదల్లేదట.

"బీటు నాది, రాత్రంతా చేసిన మెహనత్ నాది. పాట నాది కాదా అవ్వా?"

"నా గొంతు తీసేసి మోగియ్యి, ఇందాం."

అతను గొంతు ట్రాకును మ్యూట్ చేశాడు. డప్పుల మోత మాత్రమే మిగిలింది.

"రోడ్డు రోలర్ పోతున్నట్టున్నది," అంది పోశవ్వ. సంతోష్‌కు నవ్వాగలేదు. కానీ వెంటనే మొహం ముడుచుకున్నాడు. "తీసేస్తే దసరాకు నేనేం మోగియ్యాలె?"

"ఎవరు తియ్యమన్నరు? నీ బీటు నాదంటలేను. నా గొంతు నీదనకు. ముంగట నా పేరు పెట్టు, ఎన్క నీది పెట్టుకో."

అతని ల్యాప్‌టాప్ మీదే పని పూర్తిచేశాం. హక్కు వదిలించాను. అసలు పాటకూ రీమిక్స్‌కూ వేర్వేరు ఐఎస్ఆర్‌సి నంబర్లు వేశాను, ఒక్కో రికార్డింగ్‌కు ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు అది. రెండింటిలోనూ గాయని పోశవ్వ, రీమిక్స్ చేసినవాడు సంతోష్.

మరాఠీ బడుల్లో చదివే ఇక్కడ, తెలుగు మాట్లాడే చాలామందికి తెలుగు చదవడం రాదు. రేపు వీళ్లు పాటను టైప్ చేసి వెతకరు, ఫోన్‌నే అడుగుతారు. పేరు గడి తప్పితే ఆ మనిషి దొరకనే దొరకదు. అందుకే ఇప్పుడు యాప్‌లో పేరు కనిపించేదాకా ఎవరికీ ఫైల్ ఇవ్వను. బతిమాలినా, కోప్పడినా ఇవ్వను.

వివరాలు మార్చిన తొమ్మిదో రోజు పోశవ్వ నా ఫోన్ తీసుకుని, నోటి దగ్గర పెట్టుకుని తన పేరు చెప్పింది. పాట వచ్చింది. చివరిదాకా విని ఫోన్ తిరిగిచ్చింది.

"ఇంకో పాటున్నది. మా అల్లునికి చెప్పకు."