రోహిణి తలకు సరిపోయే హెల్మెట్

బాగ్‌బేరా రైల్వే కాలనీలో ఉండే కల్యాణి, టాటానగర్ యార్డులో గూడ్సు వ్యాగన్ల బ్రేకులు చూసే ఫిట్టర్. భర్త పోయాక ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. పని పట్టుబడడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆమె చూసి సరేనన్న వ్యాగన్‌ను ఇంకొకరు మళ్లీ చూడరు. అలాంటి మనిషిని పదేళ్ల కూతురి హెల్మెట్ మూడు చెరువుల నీళ్లు తాగించింది.

రోహిణి సైకిల్ హెల్మెట్ పెట్టుకుని స్కేటింగ్ క్లాసుకు వెళ్తే కోచ్ గీతాంజలి పక్కన కూర్చోబెట్టేసింది.

"స్కేట్ల మీద పిల్లలు వెనక్కి పడతారక్కా. ఇది తల వెనకంతా కప్పట్లేదు. సైకిల్‌కీ స్కేటింగ్‌కీ రెండిటికీ అని లోపల రాసుంటది, అలాటిది కొనండి."

మొదటి ఆదివారం సాక్చీ బజారులో దొరికింది రోహిణి కళ్ల మీదకి జారిపోయింది.

"బచ్చీ బఢేగీ, దీదీ. బడా లే లీజియే," అన్నాడు షాపతను.

"ఎదిగినాక ఎదిగిన తలకి కొంటాను. ఇప్పుడున్న తలకి ఇవ్వు బాబూ!" కోపంలో తెలుగులోనే అనేసి, మళ్లీ అదంతా హిందీలో చెప్పాల్సి వచ్చింది.

రెండో ఆదివారం దొరికింది కణతలు నొక్కేసింది. "చలేగా మమ్మీ, లే లో," అంది రోహిణి, సరిపోతుందిలే కొనెయ్యమని విసుగ్గా. కల్యాణి కొనలేదు.

మూడో ఆదివారం బిస్టుపూర్ బజారులో సరైనది దొరికింది. కనుబొమల పైన రెండు వేళ్ల జాగా. చెవుల కింద కలిసిన పట్టీలు. గడ్డం కింద ఒక్క వేలు దూరేంత సందు. అయినా వెనక నుంచి ఎత్తుకుంటోంది. నెత్తిమీద ఎత్తుగా కట్టిన జుట్టు! అక్కడే విప్పి రెండు జడలు వేసింది. రోహిణి ఏడ్చింది. తల ఊపించి చూస్తే హెల్మెట్ కదల్లేదు.

మర్నాడు క్లాసు మొదలైన అరగంటకే రోహిణి వెల్లకిలా పడింది. తల నేలకు ఠప్పున తగిలింది. కల్యాణి పరుగెత్తుకెళ్లి తడిమింది. బొప్పి కూడా కట్టలేదు.

గీతాంజలి హెల్మెట్ లోపల చూపించింది. పైన గీత కూడా లేదు, లోపలి థర్మాకోల్ మాత్రం చీలిపోయింది. "ఇది ఇంక పనికిరాదక్కా. ఇంకో దెబ్బకి ఆగదు."

"ఏటి, అరగంటకేనా?" అంది కల్యాణి.

పిల్ల క్షేమంగా ఉన్నందుకు సంతోషించాలని ఆమెకు తెలుసు. కానీ ముందు ఒళ్లు మండింది. ఇంకెవరి పిల్లలూ పెట్టుకోకుండా పట్టీలు కోసేసి చెత్తబుట్టలో పడేసింది. తిన్నగా బిస్టుపూర్ వెళ్తే, ఆ సైజు అయిపోయిందట. వచ్చే నెల వస్తుందన్నారు.

"తో మై స్కేటింగ్ కబ్ జావూంగీ?" అని అడిగింది రోహిణి, మరి తను స్కేటింగ్‌కి వెళ్లేదెప్పుడని.

కల్యాణి కూతురి చెయ్యి పట్టుకుని, రోడ్డు దాటి ఇంకో షాపు మెట్లెక్కింది.