దీపం చుట్టూ పెద్ద చుట్టు

మా మేనత్త పోయింది. విజయనగరంలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే అత్త కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. "అమ్మ ఎల్లిపోనాదే. కనకాంబరాలకి నీళ్లోసి వచ్చి, కుర్సీలో కూసుని కాఫీ అడిగింది. నాను తెచ్చీసరికి లేదు," అన్నాడు. ఏడుస్తూనే ఇంకో మాట అన్నాడు: "ఆకరి దాకా నడిసిందే. అదే సాలు." ఆ మాట ఎందుకన్నాడో మీకు తెలియాలంటే అత్త తుంటి కీలు సంగతి చెప్పాలి.

నరసన్నపేట దగ్గర వాళ్ల ఊరి రామాలయంలో ఏటా ఏకాహం చేస్తారు. పొద్దున్న దీపం వెలిగిస్తే మర్నాడు అదే వేళ దాకా నామం ఆగకూడదు, దీపం చుట్టూ అడుగు ఆగకూడదు. జట్లు జట్లుగా వంతులేసుకుని తిరుగుతారు. ఆడవాళ్ల జట్టుకి ముందు నడిచేది మా అత్త. గొంతు గొప్పదేం కాదు, కాస్త బొంగురు. కానీ వెనక ఎవరి అడుగైనా తప్పితే, తల తిప్పకుండానే పేరు పెట్టి తిట్టేది. అదీ నామం మధ్యలోనే, రాగం చెడకుండా. తిట్లు తిన్నవాళ్లు కూడా నవ్వుకుంటూ అడుగు సర్దుకునేవారు.

అలాంటి మనిషి కుంటడం మొదలుపెట్టింది. నొప్పి మోకాల్లో అనేది. ఇంకేం, ఇంటిల్లిపాదీ ఆ మోకాలి మీద పడ్డాం. నువ్వులనూనె కాచి రాశాం, వావిలాకు కాపడం పెట్టాం, పాతపట్నం చుట్టాలు పంపిన తైలమూ పట్టించాం. మోకాలు నిగనిగలాడింది గాని నొప్పి పోలేదు. ఆ ఏడు ఏకాహంలో అత్త గోడవార కూర్చుని తాళాలు వాయించింది. తన జట్టు తన ముందు నుంచే తిరుగుతుంటే చూస్తూ ఉండిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

నేనే విజయనగరం తీసుకొచ్చి ఎముకల డాక్టరుకి చూపించాను. ఆయన మోకాలు సరిగా చూడనైనా చూడకుండా, కాలు ఎత్తి లోపలికి తిప్పాడు. అత్త కెవ్వుమంది.

"మోకాలు బాగానే ఉందమ్మా. అరిగింది తుంటి. అక్కడి నొప్పి గజ్జల్లోంచి మోకాలికి దిగుతుంది," అన్నాడు. తొడ ఎముక పైకొస బంతిలా ఉంటుందట, తుంటి ఎముకలో ఉన్న గిన్నెలాంటి గుంటలో అది తిరుగుతుందట. రెంటికీ మధ్య ఉండే నున్నటి పొర అరిగిపోతే ఎముకా ఎముకా రాసుకుంటాయట.

"రుబ్బురోట్లో పప్పెయ్యకుండా పొత్రం తిప్పినట్టేటి బాబూ?"

"అచ్చం అంతే," అని నవ్వాడాయన.

కొన్నాళ్లు మాత్రలు, చేతికర్ర, వ్యాయామం అయ్యాయి. చాలలేదు. ఇక కీలు మార్చాల్సిందే అన్నారు. సరేనంది అత్త. అంతలో ఊళ్లో భజన జట్టులోదే, ఆవిడ నేస్తురాలే, ఓ మాట అనేసింది: "సచ్చినోడి ఎముక ఎడతారంట గదే! దాంతో గుళ్లోకి ఎలగొస్తావే?"

అంతే, అత్త అడ్డం తిరిగింది. "నడక పోతే పోనీయే కోడలా, గుడి పోతే ఎలగ?" అంది. నాకు ఒళ్లు మండింది. నచ్చజెప్పడం నా వల్ల కాక మళ్లీ డాక్టరు దగ్గరికే లాక్కెళ్లాను. ఆయన సొరుగులోంచి నమూనా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అరిగిన బంతిని కోసేసి, తొడ ఎముకలోకి ఈ లోహపు కాడ దింపి, దాని మీద ఈ కొత్త బంతి పెడతారు. గుంటలో ఈ గిన్నె అమరుస్తారు. "ఎవరి ఎముకా కాదమ్మా," అన్నాడు. అత్త ఆ కాడని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"మా తాళాల కంటే నాదం బాగున్నాది. మరి ఇది ఎట్టుకుంతే దీపం సుట్టూ తిరగ్గల్నా?"

"మాటివ్వలేనమ్మా. చీము పట్టొచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు, మొదట్లో కీలు జారొచ్చు. అరుదే గాని ఉంటాయి. చాలామంది మాత్రం హాయిగా నడుస్తారు."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అంది: "అబద్దమాడనేదు. ఈ బాబు సేతే సేయించుకుంతాను."

ఆపరేషన్ అయిన మర్నాడే నిలబెట్టి నడిపించారు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ప్రేమకొద్దీ "కదలకు, పడుకో" అనడమే. "పడుకోడానికైతే పాత తుంటి సాలదేటి?" అని వాళ్ల నోళ్లు మూయించింది. ఇంట్లో కత్తిపీట అటకెక్కింది. బాసింపట్టు వద్దు, గొంతుకు కూర్చోవద్దు, ఆ కాలి మీద గిర్రున తిరగొద్దు, మళ్లాలంటే చిన్న చిన్న అడుగులే వెయ్యాలి అన్నారు. కుర్చీలో కూర్చుని అన్నం తింటూ, పెళ్లికొచ్చిన వియ్యపురాలిలా ఉన్నానని తనని తానే వెక్కిరించుకునేది.

తరువాతి ఏకాహానికి కర్ర పట్టుకుని తిరగొచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. తీరా వెళ్తే, దీపం చుట్టూ తిరిగే చోటు చాలా ఇరుకు. అడుగడుగునా మెలి తిరగాలి. అత్త గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

అప్పుడు లేచింది, ఎముక మాట అన్న నేస్తురాలు. గోడవార పరిచిన చాపలు చుట్టేసింది, అక్కడున్న బల్ల బయటికి గెంటించింది. "ఒలే, అందరూ గోడవారకి జరగండి. పెద్ద సుట్టు తిరుగుదుం," అంది. అత్త చేతిలో కర్ర ఉంది కదా, తాళాలు తనే అందుకుని పక్కన నడిచింది. దీపానికి దూరమైపోతాం కదా అని ఎవరో నసిగారు.

"దీపం అక్కడే ఉంతాది. సుట్టు పెద్దదైతే ఏటి?" అంది అత్త, మొదటి అడుగు వేస్తూ.

ఆ ఏటి నుంచి ఆ గుళ్లో అదే చుట్టు. వెడల్పుగా, నిమ్మళంగా ఉండేసరికి, గోడవార చతికిలబడే ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి జట్టులో కలిశారు. కుంటుతున్న వాళ్లెవరు కనబడినా అత్త వదిలేది కాదు. "మోకాల్లో నొప్పని మోకాల్నే తిట్టకు. ఓపాలి తుంటి కూడా సూపించుకో," అనేది. అలా ఆవిడ మాట విని డాక్టరు దగ్గరికెళ్లి, ఇవాళ హాయిగా నడుస్తున్నవాళ్లు నాకు తెలుసు. ఆవిడ నాకు అత్త అయినందుకు గర్వంగా ఉంటుంది.

పెద్దకర్మ అయ్యాక ఈ ఏటి ఏకాహం వచ్చింది. ఏడాది దాకా గుడి మెట్లెక్కకూడదు కనక బావ వీధిలోనే నిలబడ్డాడు. నేను లోపలికెళ్లాను. ఆడవాళ్ల జట్టుకి ఇప్పుడు ఆ నేస్తురాలే ముందు. ఈసారి కర్రతో వచ్చినవాళ్లెవరూ లేరు. అయినా అందరూ గోడవారగానే నడుస్తున్నారు. ఊరికి కొత్తగా వచ్చిన కోడలొకతె, దీపం దగ్గర అంత చోటు ఖాళీగా ఉందని కాబోలు, లోపలికి జరిగి చిన్న చుట్టు తిరగబోయింది.

నేస్తురాలు తల తిప్పలేదు. నామం మధ్యలోనే, రాగం చెడకుండా, "పార్వతీ, గోడవారకే!" అంది. ఆ పిల్ల నవ్వుకుంటూ గోడవారకి జరిగి అడుగు సర్దుకుంది.