గేదె తాగేసిన జావ

గోదావరికి ఆనకట్ట కట్టాక మా రాజోలు వైపు కాలవల్లోకి కొత్తగా నీళ్లు వదిలిన ఆ రోజుల్లో, నా అంత వినయవంతుడు ఈ చుట్టుపక్కల లేడని నాకు గట్టి నమ్మకం. (నా వినయం గురించి నాకున్నంత గర్వం మరి దేని గురించీ ఉండేది కాదు.) అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. వాక్యం చెప్పడానికి సముద్రం దాటి వచ్చిన దొరగారు మా చిన్న క్రైస్తవ సంఘానికి ఒక ఉపదేశిని పెట్టాలనుకుంటున్నారని విన్నాను. ఆ పని నాకు రావాలని రోజూ మోకాళ్లు నొప్పెట్టేదాకా ప్రార్థన చేసేవాణ్ని, కాస్త బయటికి వినబడేలా.

అప్పుడే మా సంఘంలోని ముసలి పడవవాడు, సరంగు తాత, జ్వరంతో మంచాన పడ్డాడు. ఏడు రోజుల లంఖణం తర్వాత ఒక ఉదయం వైద్యుడు జావ పట్టమన్నాడు. ఆయన భార్య మామ్మకూ ఒంట్లో ఓపిక లేదు. మా అమ్మ పాత బియ్యపు నూకలతో జావ కాచి, వెడల్పు మూతి కుండలో పోసి, చల్లారకుండా ఇచ్చి రమ్మంది. దారిలో రేవు దగ్గర తెలిసింది, తాతను చూడడానికి దొరగారు పడవలో వస్తున్నారని. నెత్తిన కుండతో నేను ఆయన కంటబడితే ఎంత బాగుంటుంది! ఆగిపోయాను. కుండ గట్టు మీద పెట్టి, కాలవ నీళ్లలోకి వంగి, దొరగారు చూసేటప్పుడు ముఖం ఎంత దీనంగా ఉండాలో సాధన మొదలుపెట్టాను. కళ్లు దించితే బాగుందా, సగం మూస్తే బాగుందా అని చాలాసేపు తేలలేదు. తేల్చుకుని వెనక్కి తిరిగేసరికి ఒక గేదె కుండలోంచి మూతి పైకి తీస్తోంది. (మేకైనా చెప్పుకోవడానికి కొంచెం మర్యాదగా ఉండేది.)

ఖాళీ కుండతోనే తాత ఇంటికి వెళ్లాను. దొరగారు అక్కడే ఉన్నారు. పడవ బురదలో దిగబడితే పొలం గట్ల మీద నడిచి వచ్చేశారట. మోకాళ్లదాకా బురదతో నేల మీద కూర్చుని తాతకు తాటాకు విసనకర్రతో విసురుతున్నారు.

"జావేదండీ?" అంది మామ్మ.

"గేదె తాగేసిందండి."

"మరి మీరెక్కడున్నారండీ?"

అబద్ధం ఒక్కటీ తోచలేదు. "దొరగారి కోసం రేవులో ఆగేనండి. నీళ్లలో ముఖం చూసుకుంటున్నానండి."

దొరగారు విసరడం ఆపలేదు. తన పుస్తకాల తెలుగులో మెల్లగా అన్నారు: "ఆకలిగొని యున్నవాడు నేను కాను గదా, ఇతడు."

మంచంలోంచి సన్నగా ఏదో చప్పుడు వచ్చింది. తాత నవ్వుతున్నాడు. "ఆ గేదెకి పథ్యం కుదిరిందిలెండి," అన్నాడు. వారం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలని, మామ్మ కళ్లు తుడుచుకుంది.

దొరగారు కుండ కడిగి తెచ్చారు. నేను పొయ్యి ముందు కూర్చుని పచ్చి కొబ్బరిమట్టలు ఊదుతూ మళ్లీ జావ కాచాను. కళ్లలో నీళ్లు పొగవల్లేనని అందరికీ చెప్పాను. తాత రెండు గుక్కలు తాగి నిద్రపోయాడు. నెల తిరిగేసరికి మళ్లీ పడవ గడ పట్టాడు. ఆ ఆదివారం మామ్మ సంఘంలో లేచి, "మాకు జావ కాచిపెట్టిన అబ్బాయి కోసం స్తోత్రమండి," అని కూర్చుంది. గేదె మాట ఎత్తనే లేదు. నేను తల దించుకున్నాను. ఆ దించడానికి ఏ సాధనా అవసరం కాలేదు.

ఉపదేశి పని ఆ ఏడు నాకు రాలేదు. అందుకు ఇవాళ దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను. రెండేళ్లు తాత పడవలో గడ వేస్తూ, రోగుల గుడ్డలు ఉతుకుతూ గడిపాక వచ్చింది. ఇప్పుడు నన్నే అయ్యగారంటున్నారు. ఎవరింటికైనా సాయానికి బయలుదేరినప్పుడు, ఎవరైనా చూస్తున్నారా అని ఇప్పటికీ నా కన్ను ఒకసారి పక్కకు పోతుంది. పోయినప్పుడల్లా నాలో నేనే నవ్వుకుంటాను. నడక మాత్రం ఆపను.