ఈరన్న తలుపు కొట్టిన పెద్దమ్మ

నిన్న వనపర్తిలో మా పక్కింటావిడ నూలు చీరలకు గంజి కాస్తుంటే, ఆ వాసన కిటికీలోంచి వచ్చి నన్ను గద్వాలకు లాక్కుపోయింది. శంకరమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె మాకు చుట్టం కాదు, రెండిళ్ల అవతల ఉండే నేతగత్తె. మాది మగ్గాల వీధి. ఎండ ముదరకముందే పడుగును, అంటే నేతకు నిలువుగా పెట్టే పోగులను, వీధి పొడవునా సాగదీసి, కుంచెతో గంజి పట్టించి, తెగిన పోగులను ఒక్కొక్కటే అతుకుతారు. ఆ పని అయ్యేదాకా సైకిలు కూడా ఆ దారిన రాదు. పొద్దున అంత మర్యాదగా ఉండే వీధి, రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో, సాయంత్రమయ్యేసరికి ఈరన్నదైపోయేది.

ఈరన్న కూడా నేతగాడే. మగ్గం మూలపడ్డాక తాగుడు మరిగాడు. దీపాలు పెట్టే వేళకు వీధి నడుమ నిలబడి ఇంటింటినీ పేరుపెట్టి తిట్టేవాడు. సీసాలు గోడకేసి కొట్టేవాడు. మగవాళ్లు కొట్టి చూశారు, దండం పెట్టి చూశారు, ఏదీ పనిచేయలేదు. ఒకరోజు కుట్టు నేర్చుకుని వస్తున్న మా అక్కను నోటికొచ్చినట్టు అన్నాడు. మర్నాటి నుంచి అక్క గడప దాటడం మానేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. డిగ్రీ చదువుతున్నానన్న పొగరు కూడా కొంత ఉందిలెండి, పోలీసులకు పెద్ద అర్జీ రాసి ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను.

పెద్దమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏలిముద్ర ఏస్త గని బిడ్డా, స్టేషన్ల పెడితె వాడు మళ్ల గీడికే వస్తడు గదా. ఇంకేడికి పోతడు? జర రెండొద్దులు ఆగు" అంది. నాకు నచ్చలేదు. మా ఇంటి బాధ ఈమెకేం తెలుసనుకున్నాను. అయినా అర్జీని ఇంకా ఇవ్వకుండా నా దగ్గరే ఉంచాను.

మర్నాడు వీధిలో మా పడుగే ఉంది. నాయనకు చూపు మందగించి తెగిన పోగులు కంటికి ఆనడం లేదు. గంజి ఆరేలోగా అతకకపోతే పడుగు పాడై మగ్గం ఆగిపోతుంది. అంతలో పెద్దమ్మ ఈరన్నను వెంటబెట్టుకుని వచ్చింది.

"వీన్నెందుకు తోల్కొచ్చినవ్ వదినా?" నాయన మండిపడ్డాడు.

"పోగులు అతకనీకె మనిషి లేడంటివి గదా. వీని చేతికి మించిన చెయ్యి మన వీధిల ఏడుంది?"

ఈరన్న చేతులు వణుకుతున్నాయి. మొదటి ముడి జారింది, పక్క పోగు కూడా తెగింది. నాయన నోరు తెరవబోతుంటే పెద్దమ్మ "జర అంబలి తాగి కూసోరా" అంటూ ఈరన్న చేతికి చెంబు ఇచ్చింది. తాగాడు. కాసేపటికి వేళ్లు దారిన పడ్డాయి. ఎండ ఎక్కేలోపు తెగిన పోగు ఒక్కటీ మిగల్లేదు. తలుపు దాకా వచ్చిన అక్కను చూసి తల దించుకుని, "చెల్లె, మొన్న తప్పు మాట్లాడిన" అన్నాడు. అక్క లోపలికి వెళ్లి తలుపేసుకుంది. భలే పని చేసిందనుకున్నాను. పెద్దమ్మ కూడా అక్కను తప్పుపట్టలేదు. "ఆ కాయిదం చింపకు. అక్క మనసు కుదుటపడెదాక నీ తాననే ఉంచు" అంది నాతో.

ఆ సాయంత్రం ఈరన్న మళ్లీ తాగాడు, మళ్లీ తిట్టాడు. మర్నాడు పెద్దమ్మ మళ్లీ వెళ్లి పిలుచుకొచ్చింది. ఎవరి పడుగు పరిచినా అతను అక్కడ ఉండేలా చూసింది. నెలలు పట్టింది. తాగుడు పూర్తిగా మానలేదు గానీ, తాగినా వీధిలోకి రావడం మానేశాడు. అక్క మళ్లీ కుట్టు నేర్చుకోవడానికి వెళ్లిన రోజున ఆ అర్జీని తన చేతులతోనే పొయ్యిలో వేసింది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నీకు భయం గాదా పెద్దమ్మా?"

"ఎందుక్గాదు? కాళ్లు వణుకుతయి. గందుకే పొద్దుగాల్నే పోయి తలుపు కొడ్త. గప్పటికి వాడింక తాగి ఉండడు."

ఇంత చిన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. మేమంతా ఈరన్నతో మాట్లాడింది సాయంత్రాలే. తాగని ఈరన్నను పలకరించిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే.

ఇప్పుడు నేను పంతులమ్మను. అప్పుడప్పుడు ఏ తండ్రో తూలుతూ వచ్చి బడి గేటు ముందు నానా మాటలూ అంటాడు. ఆ పూట జవాబివ్వను. తెల్లారగానే వాళ్లింటికి వెళ్తాను. వీధి మలుపు దగ్గరే నా కాళ్లలో వణుకు మొదలవుతుంది. అయినా వెనక్కి తిరగను, తలుపు కొడతాను.