తెర దరువులో ఖాళీ దెబ్బ

మా బాపు కట్టిన చిన్నరాణి వేషం గురించి నాకంటే బాగా ఎరిగినవాళ్లు చిట్యాల చుట్టుపక్కల పది ఊళ్లలో లేరని చాలాకాలం గొప్పగా చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం తక్కువ? బడిలో పాఠాలు చెప్పి చెప్పి గొంతు పెరిగింది. పైగా ఆ వేషగాడికి నేను ఒక్కగానొక్క బిడ్డను.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు మా ఊళ్లో మళ్లీ యక్షగానం ఆడదామన్న హుషారు పుట్టింది. ఆడేవాళ్లంతా మామూలు మనుషులే. మంత్రి గొర్లు కాస్తాడు, సేనాపతి ఆటో నడుపుతాడు, రాజుగారికి ఎరువుల దుకాణం ఉంది. పాత పాటల పుస్తకం ఒకటి దొరికింది. అందులో చిన్నరాణి తెర దరువు ఉంది గానీ, మా బాపు వేషం మానేసినప్పటి నుంచి దాన్ని ఎవరూ ఆడలేదు. ఆ పేజీ వస్తే దాటేసేవారు.

తెర దరువంటే రాణి వస్తూనే జనానికి కనబడదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకున్న తెర వెనుక, పాట సాగినంతసేపూ ఆడుతుంది. తెర కింద గజ్జెల కాళ్లు, తెర పైన కిరీటం కొస, అంతే. పాట అయ్యాక తెర దించితే అప్పుడు ముఖం.

"ఈసారి ఆ దరువు ఆడాల్సిందే, నేనే ఆడతా" అన్నాను. "యాభై ఏండ్ల టీచరమ్మ తెర ఎనుక ఎగురుడేంది!" అని ఆట పెద్దల్లో ఒకాయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "మా బాపు మీసం తీసి రాణి అయితే నవ్వు రాలేదు. ఆడదాన్ని నేను రాణి అయితే వస్తుందా?" అన్నాను. చివరికి పెద్దలంతా ఒక మాట అనుకున్నారు. "జాతరకు నెల ఉన్నది. గప్పటికి కుదిరితే ఉంటది, లేకుంటే ఎప్పటి లెక్కనే దాటేస్తం." ఈసారి దాటేస్తే మళ్లీ దాన్ని ఎవరూ ముట్టరని నాకు తెలుసు. మా బాపు ఆట ఆ పుస్తకంలోనే చచ్చిపోతుంది. అందుకే పంతం పట్టాను.

ఊళ్లో ముసలివాళ్లందరినీ అడిగాను. అందరికీ కాళ్లే గుర్తున్నాయి. తెర కింద కనబడింది అవే కదా! మూడడుగులు నడక, ఒక తొక్కు, కుడికొస దాకా పోయి తిరగడం, మళ్లీ ఎడమకొస. అంతవరకు పట్టేశాను. చిక్కొచ్చింది మద్దెల దగ్గర. మద్దెల వాయించే భాయ్ పగలు చిట్యాలలో బట్టలు కుడతాడు. ఒకప్పుడు మా బాపు ఆటకు వాయించింది వాళ్ల నాయిన. ఆ వరుస భాయ్‌కి అచ్చంగా వచ్చు. కానీ రాణి కుడికొసకు చేరగానే ఒక దెబ్బ వదిలేస్తాడు.

"భాయ్, అక్కడ చప్పుడు లేకపోతే నేనెట్లా తిరిగేది?"

"మా అబ్బా గిట్లనే ఇడిసిపెట్టెటోడు అక్కా. ఎందుకంటే చెప్పకపోతుండె. ఇడువుమన్న కాడ ఇడువుర బేటా, అనెటోడు."

"మీ అబ్బా మరిచిపోయి ఉంటాడు."

"ఆడలేక మద్దెల ఓడంటున్నవ్" అని నవ్వాడు.

నేను తక్కువ తిన్నానా? ఆ ఖాళీలో ఒక గిరక వేశాను. గిర్రున తిరిగితే గజ్జెలు ఘల్లుమని ఖాళీ నిండిపోయింది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. బాపు ఉంటే మెచ్చుకునేవాడని నాకు నేనే చెప్పుకున్నాను.

మా ఊళ్లో తెర బట్ట ఇవ్వడం, పట్టడం మొదటినుంచీ చాకలోళ్ల ఇంటి హక్కు. జాతరకు వారం ముందు ఆ ఇంటి అవ్వ తెర మోసుకుని తానే వచ్చింది. ఎనభై దాటిన మనిషి. బడి బల్లలు కలిపి కట్టిన వేదిక అంచున కూర్చుని మా అభ్యాసం చూస్తోంది. నేను కుడికొసకు చేరాను, భాయ్ దెబ్బ వదిలాడు, నేను గిరకకు కాలెత్తాను. ధన్‌మని బల్ల మీద చప్పుడు. తాళం తప్పి తూలాను.

"ఎవరది మధ్యలో?" అని అరిచాను.

"నేనే. గా దెబ్బ నాది బిడ్డా" అంది అవ్వ. ఆమె కాలింకా బల్ల మీదే ఉంది. "గిరకలెక్కడియి? మీ బాపు గిరకలు ఎయ్యలె."

అందరూ పోయాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "మా ఇంటాయన ఎడమ దిక్కు గ్యాసులైటు పట్టుకుంటే, తెర కుడికొస నేను పట్టేదాన్ని. తెర ఎనుక కుడి దిక్కంత చీకటి. మీ బాపుకు రేచీకటి. ఎవలకన్న తెలిస్తే ఏషం ఇయ్యరని దాసిండు. రెండు బండ్లు కలిపి కట్టిన జాగా, అంచు దాటితే నడుమిరుగుతది. అంచు కాడ నేను కాలు తొక్కుతుంటి. అది ఇనబడాలని భాయ్ నాయిన, ఆ సాయబు, మద్దెల ఆపుతుండె. గిది మా ముగ్గురికే ఎరుక."

"అబద్ధం. మా బాపు కళ్లకేం కాలేదు" అన్నాను కోపంగా. అవ్వ తెర మడత పెట్టుకుని లేచింది.

అనేశాను గానీ, ఇంటికి నడుస్తుంటే నా కుడిచేతి చూపుడువేలు నన్ను నిలదీసింది. చిన్నప్పుడు ఆట అయిపోయాక బాపు నా వేలు పట్టుకునే ఇంటికి వచ్చేవాడు. "బిడ్డా, నువ్వు ముందు నడువు" అనేవాడు. బాపు నన్ను జాగ్రత్తగా తీసుకొస్తున్నాడని మురిసిపోయేదాన్ని. తీసుకొచ్చింది నేను. దారి మధ్యలో నిలబడి ఏడ్చాను, సిగ్గులేకుండా ఏడ్చాను.

మర్నాడు గిరక తీసేశాను. కుడికొస అవ్వే పట్టాలన్నాను. "ముసలామె కాలు తొక్కుడేంది, గది ఆటల ఉన్నదా?" అన్నారు పెద్దలు. కారణం చెబితే బాపు గుట్టు బయటపడుతుంది. "ఆట అయినంక చెప్పుకో బిడ్డా, ముందల జెప్తే జనం కాళ్లు చూడరు, కండ్ల ముచ్చట్నే చెప్పుకుంటరు" అని అవ్వ ముందే అంది. నేను మొండికేశాను. "దరువు ఇట్లనే ఉంటది. కాదంటే రాణి లేదు, మీ ఆటా లేదు." వారంలో ఇంకో రాణి వాళ్లకెక్కడ దొరుకుతుంది? ఒప్పుకున్నారు.

జాతరనాడు తెర పట్టారు, కుడికొస అవ్వ చేతిలో. నేను గజ్జెలు సర్దుకుని కళ్లు మూసుకున్నాను. బాపుకి ఉన్నంత చీకటి నాకూ ఉండాలనిపించింది. మూడడుగులు, తొక్కు, మూడడుగులు, తొక్కు. అంచు ఎంత దూరమో తెలియలేదు. మద్దెల ఆగింది. ఆ ఒక్క క్షణం, ఎత్తిన కాలు దించడానికి భయమేసింది. బాపు ఈ భయాన్ని అన్నేళ్లు, ప్రతి ఆటలో, మొహానికి రంగేసుకుని మింగాడు.

ధన్. నా కుడిపక్కనే, అవ్వ కాలు.

తిరిగాను.