రాత్రిని మూసేసిన కమలాకర్

కమలాకర్ గారు లోకానికి చేసిన సేవలన్నీ మూయడానికి సంబంధించినవే. సర్కారు కొలువులో సూపరింటెండెంటుగా ఉన్నన్నాళ్లూ ఆయన ఫైళ్లు మూశారు, బీరువాలు మూశారు, ఫిర్యాదులు పట్టుకొచ్చిన వాళ్ల నోళ్లు మూశారు. పదవీ విరమణ చేసి తార్నాకలో, మెట్రో స్టేషన్ వెనక ఒక ఫ్లాటులో స్థిరపడ్డాక మూయడానికి కిటికీలు తప్ప ఏమీ మిగల్లేదు. దోమల పేరు చెప్పి వాటినీ మూశారు. అంతటి ప్రతిభ ఖాళీగా కూర్చోవడం జాతికి నష్టం. ఆ నష్టం జరగకుండా విశ్వవిద్యాలయం వారు ఆదుకున్నారు.

విశ్వవిద్యాలయం హాస్టళ్లకూ రైలు పట్టాలకూ నడుమ కొంత పొదల నేల ఉంది. బండలు, వేపచెట్లు, తంగేడు పొదలు, వానలు పడితే మోకాలెత్తు గునుగు, ఎప్పుడు చూసినా ఎవరిమీదో అలిగినట్టుండే నెమళ్లు. ఎన్నో ఏళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి అది క్షేమంగా ఉంది. తర్వాత ఎవరో ఒక బోర్డు పాతి 'జీవవైవిధ్య సంరక్షణ వనం' అని రాయించడంతో దానికి కష్టాలు మొదలయ్యాయి. దీపాలు పెట్టి ఒక బాట వేశారు. అదొక్కటే మంచి పని. ఆ బాట మీద గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు రాజ్యాంగాన్ని గట్టిగా వల్లెవేస్తూ రాత్రిళ్లు తిరిగేవారు. సీతాఫల్‌మండి స్టేషన్‌లో దిగినవాళ్లు అడ్డదారిన ఇళ్లకు పోయేవారు. కమలాకర్ గారు పొద్దూమాపూ వాకింగ్ చేసేవారు.

ఒక సాయంత్రం మసకచీకట్లో ఆయన తనకున్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ శుభరాత్రి సందేశం పంపుతూ నడిచి, బాట పక్కనున్న గుంతలో పడ్డారు. ఎవరో పెద్దమనిషి చేత మొక్క నాటించడానికి తవ్విన గుంత అది. పెద్దమనిషి ఫొటో దిగి వెళ్లిపోయాడు, మొక్క ఎండిపోయింది, గుంత మిగిలింది. కమలాకర్ గారికి మడమ బెణికింది. మంచం మీద పడుకుని, దోషి ఎవరని ఆయన దీర్ఘంగా విచారించారు. ఫోన్ కాదు, పాపం, అది వెలుతురే ఇచ్చింది. గుంత కాదు, అది పొద్దున కూడా అక్కడే ఉంది, పొద్దున తాను పడలేదు. ఇక మిగిలిన ముద్దాయి ఒక్కటే. రాత్రి.

గుంత పూడ్చాలంటే ఒక మనిషి, ఒక పార, నాలుగు తట్టల మట్టి కావాలి. రాత్రిని మూయాలంటే కమిటీ చాలు. 'సందర్శకుల భద్రతా సమితి' ఏర్పడింది. వనానికి డైరెక్టరైన ప్రొఫెసర్ పార్థసారథి గారు కన్వీనర్. పడిన అనుభవం ఉన్నందువల్ల కమలాకర్ గారు చైర్మన్. ఆయన అపార్ట్‌మెంటులోనే ఉండే రిటైర్డ్ లెక్చరర్ విశాలాక్షి గారు సభ్యురాలు. సమోసాలు రాగానే ప్రమాదాల మీద చర్చ మొదలైంది. పాములన్నారు, కుక్కలన్నారు, ప్రేమికులన్నారు.

"నెమళ్లు కూడా అండీ," అన్నారు పార్థసారథి గారు. "రాత్రిళ్లు సడన్‌గా అరుస్తాయి. హార్ట్ పేషెంట్లకు రిస్క్."

"ఆ గుంతొకటి పూడిస్తే సరిపోదా?" అని విశాలాక్షి గారు అడిగారు.

"గుంత ఇంజనీరింగ్ సెక్షన్ కిందికి వస్తుంది మేడమ్. మనది సేఫ్టీ," అన్నారు పార్థసారథి గారు.

తీర్మానం పాసైంది. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా వనంలో ఎవరూ ఉండరాదు, చైర్మన్‌తో సహా. ఆ చివరి మాట కమలాకర్ గారే పట్టుబట్టి చేర్పించారు. త్యాగం బోర్డు మీద బాగుంటుందని. ఎవరూ ఉండరు కనుక దీపాలు ఆర్పేయాలి. తాళంచెవి రాత్రి గార్డు దగ్గరుంటే మొహమాటానికి తీస్తాడు కనుక అది డైరెక్టర్ ఆఫీసులో ఉండాలి. పొద్దుటి గార్డు తెచ్చి తెరవాలి.

ఇనుప గేటు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బన్ కత్తిరించారు. సీతాఫల్‌మండి వైపు ప్రహరీ ఏ వానాకాలంలోనో కూలి, ఊరేగింపు పట్టేంత సందు ఉందన్న సంగతి ఆ శుభవేళ ఎవరూ ఎత్తలేదు. గోడ కూడా ఇంజనీరింగ్ సెక్షనే. మర్నాటి నుంచి జనం ఆ సందులోంచి, కూలిన రాళ్ల మీదుగా, చీకట్లో తడుముకుంటూ నడిచారు. దీపాల బాట మీద ఏనాడూ పడనివాళ్లు అక్కడ పడ్డారు. సమితి నివేదికలో మాత్రం రాత్రి ప్రమాదాలు సున్నా. అందులో అబద్ధం లేదు. ఆరు దాటాక వనంలో సందర్శకులు లేరు. లేనివాళ్లకు కాళ్లు విరగవు.

ఈ ఘనకార్యాన్ని ఒప్పుకోని మనిషి కమలాకర్ గారి ఇంట్లోనే ఉంది. ఆయన భార్య సారలమ్మ. పెళ్లయిన కొత్తలో వాళ్లు సీతాఫల్‌మండిలో ఒంటిగదిలో కిరాయికి ఉండేవారు. బతుకమ్మ పండుగకు ఊళ్లలో పూలు తెచ్చేది మగవాళ్లు. కమలాకర్ గారికి ఏటా సరిగ్గా పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడే ముఖ్యమైన ఫైలు ఉండేది. ఆఫీసుకు సెలవైనా ఉండేది. అందుకని ఆమె తెల్లవారకముందే ఒక్కతీ ఈ పొదల్లోకి వచ్చింది. అక్కడ అప్పటికే నలుగురు ఆడవాళ్లు గునుగు పూలు కోస్తున్నారు. కొత్త ఊళ్లో ఆమెను "ఏ ఊరు బిడ్డా నీది?" అని మొదట అడిగిన మనిషి, వాళ్లలో పెద్దదైన రాములవ్వ. ఆ తర్వాత ఏ ఒక్క ఏడూ తప్పలేదు. రాములవ్వ ఇప్పుడు ఘట్‌కేసర్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. ఏడాదికి ఒక్కసారి, ఆ పూల కోసమే ముందురోజు వచ్చి చుట్టాలింట్లో పడుకుంటుంది.

"ఎల్లుండి సద్దులు," అంది సారలమ్మ, భర్త కంచంలో అన్నం వడ్డిస్తూ. "ఆ ఒక్కనాడు గేటు జెర పొద్దుగాల తీయించు."

"రూల్ అందరికీ ఒకటే. అప్లికేషన్ పెట్టు, ఎజెండాల పెడ్త."

"మీటింగెప్పుడు?"

"దసరా అయినంక."

"మంచిది. దసరా అయినంక బతుకమ్మను నెత్తిన పెట్టుకోని నీ మీటింగుకే వస్త."

"ఆరింటికి తెరుస్తరు గదనే, అప్పుడు పో."

"అప్పుడు పోతే గునుగు ఎప్పుడు కోసేది, రంగులెప్పుడు అద్దేది, అది ఎప్పుడు ఆరేది, నేనెప్పుడు పేర్చేది? తెల్లారితే నీ వాకింగోళ్లు ఒక్క పువ్వు ఉంచుతరా? దేవునికని సంచులు నింపుకపోతరు."

"అయితే గుడిమల్కాపూర్ మార్కెట్ల కొందాం తీ."

"కొన్న పువ్వుతోని నేనెన్నడు పేర్చలే. రాములవ్వను కూడ మార్కెట్ల కొనుక్కొస్తవా?"

కమలాకర్ గారు మజ్జిగ కలుపుకుంటూ, ఎమోషన్ వేరు, సేఫ్టీ వేరు అని సూత్రీకరించారు. సారలమ్మ మజ్జిగ గిన్నె పక్కకు జరిపేసింది.

సద్దుల నాడు తెల్లవారకముందు ఆయన ఫోన్ మోగింది.

"తమ్మీ, నేను రాములవ్వను. సారల పడ్డది. గోడ కాడ రాయి జారింది, చెయ్యి ఇంత వాసింది. మల్ల ఆ రాళ్ల మీదికెళ్లి రాలేనంటున్నది. గేటు కాడికి తోలుకొస్తున్న, నువ్వు ఆటో పట్టుకోని రా."

"ఈ టైంల గేటు..." అనబోయి ఆయన ఆగిపోయారు. మిగతా వాక్యం తాను రాసిందే.

ఆటో ముఖేష్ అనే కుర్రాడిది. గేటు దగ్గర దిగేసరికి రాత్రి గార్డు వీరస్వామి కుర్చీలో సుఖంగా నిద్రపోతున్నాడు. ఈ నిబంధన వల్ల వనంలో నిజంగా భద్రత పొందిన ప్రాణి ఏదైనా ఉంటే అది అతని నిద్ర.

"వీరస్వామీ! తాళం తియ్యి."

"చెవి నా దగ్గర యాడిది సార్? ఆఫీసుల ఉంటది. పొద్దుటాయన తెస్తడు."

"ఎమర్జెన్సీ! నేనెవరో తెల్వదా? చైర్మన్‌ని."

"ఎరుకే సార్. గీడ రాసి ఉన్నది గదా." వీరస్వామి టార్చ్ లైటు బోర్డు మీద వేశాడు. "చైర్మన్‌తో సహా."

కమలాకర్ గారు పార్థసారథి గారికి ఫోన్ చేశారు.

"లోపల మనిషి ఉండటం పాసిబుల్ కాదండీ," అన్నారాయన నిద్రగొంతుతో. "ఇవి విజిటింగ్ అవర్స్ కావు కదా."

"మా ఆవిడండీ. చెయ్యి విరిగినట్టుంది."

"అయ్యో. మరీ ఇబ్బంది. ఆమె అక్కడ ఉన్నట్టు మనం ఒప్పుకుంటే, రికార్డు ప్రకారం..." అని ఆయన ఆలోచనలో పడ్డారు. ఆ ఆలోచనలోనే లైను తెగిపోయింది.

అంతలో చీకట్లోంచి ఆడవాళ్లు వచ్చారు. సారలమ్మ చేతిని కొంగుతో మెడకు కట్టారు. ఆమె లోపలి వైపు గేటు దిమ్మె మీద కూర్చుంది. బయట చైర్మన్ గారు ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

"నొప్పి పుడుతున్నదా?"

"లే. సుఖంగ ఉన్నది. నీ సేఫ్టీ గట్లున్నది మరి."

"ఆ రాళ్ల మీదికెళ్లి ఎవరు పొమ్మన్నరే?"

"దీపాలు ఆర్పిందెవరు?"

సారలమ్మ మంచి చేత్తో పూల మూటను ఊచల నడుమ నుంచి తోసింది. "పట్టుకో. నీళ్లు జల్లి నీడకు పెట్టు. గునుగు మీద తంగేడు వెయ్యకు, నలుగుతది."

కమలాకర్ గారు జీవితంలో మొదటిసారి బతుకమ్మ పూలు మోశారు.

"ములాఖత్ అయిందా సార్?" అని ఆటోలోంచి ముఖేష్ కేకేశాడు. "జైల్ల గిట్ల పండ్లిస్తరు, మీరు ఉల్టా పువ్వులు తీస్కుంటున్నరు!" ఆడవాళ్లు నవ్వారు. అంత నొప్పిలోనూ సారలమ్మ నవ్వింది. ఆ నవ్వు ఆయన్ని మడమ కంటే ఎక్కువ బాధించింది.

సరిగ్గా ఆరుకు పొద్దుటి గార్డు చెవి తెచ్చి గేటు తెరిచాడు. నిబంధన నిమిషం కూడా సడలకుండా నెగ్గింది. ఆస్పత్రిలో మణికట్టు ఎముక చిట్లిందని చెప్పి పట్టీ వేశారు. ఇంటికొచ్చి సారలమ్మ సోఫాలో కూర్చుని ఆజ్ఞలిచ్చింది. రాములవ్వ తాంబాళంలో గుమ్మడాకులు పరిచి పూలు పేర్చింది. గునుగు కాడలు సమంగా కత్తిరించి రంగులో ముంచే పని కమలాకర్ గారికి అప్పగించారు.

"గిదేంది తమ్మీ, ఒకటి పొడుగు ఒకటి పొట్టి! ఆఫీసుల గూడ గిట్లనే చేసినవా?" అంది రాములవ్వ.

"ఆఫీసుల ఇంత గూడ చెయ్యలే," అంది సారలమ్మ.

బతుకమ్మ ఒక పక్కకు వాలింది. అయినా సాయంత్రం అపార్ట్‌మెంటు ముందు అందరూ దాని చుట్టే ఆడారు. పట్టీ కట్టిన చేత్తో చప్పట్లు కొట్టలేక సారలమ్మ రాములవ్వ పక్కన కుర్చీలో కూర్చుని పాడింది.

దసరా అయ్యాక సమితి కూర్చుంది. కమలాకర్ గారు వేళ్లకు ఇంకా గులాబీ రంగుతో వచ్చి, దీపాలు తిరిగి వెలిగించాలని ప్రతిపాదించారు.

"లోపల ఎవరూ లేనప్పుడు లైట్లు ఎవరి కోసమండీ?" అన్నారు పార్థసారథి గారు.

చెప్పాల్సింది ఒక్క మాట. విశాలాక్షి గారు ఆ మాట కోసం ఆయన వైపే చూశారు. చెబితే నివేదికలోని సున్నా ఒకటవుతుంది. ఆ ఒకటి చైర్మన్ గారి భార్య అవుతుంది. ఆయన గొంతు సవరించుకున్నారు. సమోసా తీసుకున్నారు.

"సారలమ్మ గారి చెయ్యి ఎలా ఉంది?" అని విశాలాక్షి గారే అడిగారు.

"ఇంట్లో... జారిందండీ," అన్నారు కమలాకర్ గారు. దీపాల విషయం పరిశీలనలో ఉంచారు.

కానీ విశాలాక్షి గారు అదే అపార్ట్‌మెంటులో ఉంటారు. ఆయన ఇల్లు చేరేలోపే ఆ మాట సారలమ్మకు చేరింది.

"ఇంట్ల పడ్డనా నేను?"

కమలాకర్ గారు చెప్పులు విప్పుతూనే ఉన్నారు, చాలాసేపు.

"మంచిది. వచ్చే ఏడు నుంచి పువ్వుకు నువ్వే పోతున్నవు. తెల్లారకముందే. నేను రాములవ్వతోని గోడ ఇవతల కూసోని ముచ్చట పెడుత. తేకుంటే ఆ మీటింగుల నేనే వచ్చి నా చెయ్యి సంగతి చెప్త."

మర్నాడు పొద్దున గేటు తెరిచాక, చైర్మన్ గారు వాకింగ్ బాట వదిలి, కూలిన గోడ దగ్గర ప్యాంటు పైకి మడిచి కనిపించారు. ఏ రాయి కదులుతుందో, ఏది కదలదో కాలితో తొక్కి చూస్తున్నారు. డ్యూటీ దిగి సీతాఫల్‌మండి స్టేషన్‌కు పోతున్న వీరస్వామి ఆగాడు.

"జెర నిమ్మలంగ సార్," అన్నాడు. "ఇప్పుడు పడితే లెక్కల రాయవలసొస్తది."