కాల్చకముందు కండ

ఫెబా కాలుగాలిన పిల్లి. ల్యాబులో ఆమె కుర్చీ ఎప్పుడూ ఖాళీ, చర్చిలో ఆమె చాప ఖాళీ. నిలబడి టీ తాగుతుంది, తాగుతూనే గ్లాసు కడుగుతుంది. అలాంటి మనిషి ఒక్కచోట మాత్రం కదలకుండా నిలబడేది. చిలకలూరిపేట దారిలో పందులు కోసే సాల్మన్ దొడ్డికి ఇవతల, రోడ్డు మీద, జీపు పక్కన. అదే ఆమె కొంప ముంచుతోంది.

గుంటూరులో ఒక పశు పరిశోధన ల్యాబులో ఆమె కాంట్రాక్టు టెక్నీషియన్. మన నల్ల నాటు పందికీ ఫారంలో పెరిగే తెల్ల పందికీ కండలో తేడా ఎక్కడ వస్తోందన్నది అక్కడి పరిశోధన. కండ పెంచే జీను, అంటే జన్యువు, రెండింటిలోనూ ఉంది. దాని అమరిక చూడాలంటే చెవి ముక్క చాలు. అది కండలో ఎంత గట్టిగా పనిచేస్తోందో తెలియాలంటే మాత్రం ఆ జీను రాసి పంపిన ఆర్‌ఎన్‌ఏ కావాలి. ప్రాణం పోయాక అది ఎక్కువసేపు ఆగదు. వెంటనే వెన్ను పక్క కండ కోసి, చల్లటి పొగలు కక్కే ద్రవ నైట్రోజన్ క్యానులో పడేయాలి.

ఫెబా తెచ్చిన ముక్కలన్నీ వరసగా చెడిపోయాయి. ఆర్‌ఎన్‌ఏ చెడకుండా ఉంటే పరీక్షలో రెండు గీతలు తేటగా కనిపించాలి, ఆ చోట అలుక్కుపోయిన మరక. “ఈ ఆదివారం కూడా ఇంతే అయితే ఇంకొకరిని చూసుకుంటాం” అని పెద్ద మేడమ్ మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాదకే ఫెబాకు నిద్ర పట్టలేదు.

ఎందుకు చెడుతున్నాయో ఆమెకు తెలుసు. సాల్మన్ పందిని పత్తికట్టె మంట మీద కాల్చి, గీకి, కడిగి, అప్పుడు కోస్తాడు. అదంతా అయ్యేదాకా ఈమె రోడ్డు దిగదు. ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని “బాబోయ్, ఏం వాసన” అంటుంది. పుట్టి పెరిగింది ఆ వాసనలోనే! నాటకమంతా జీపులో కూర్చున్న శ్రీదివ్య కోసం. మిరప రైతు కూతురు, పీహెచ్‌డీ చేస్తోంది, ఫెబాను అక్కా అంటుంది. రోజూ మధ్యాహ్నం చనువుగా ఫెబా డబ్బాలో చెయ్యి పెట్టి తింటుంది. తమది పంది తినే ఇల్లని తెలిస్తే ఆ చెయ్యి ఎక్కడ వెనక్కి పోతుందోనని ఫెబా భయం. ఇంట్లో ఆదివారం కూర ఎంత మిగిలినా సోమవారం ఆమె డబ్బాలో దోసకాయ పప్పే.

ఆ ఆదివారం పంది కూలింది. పత్తికట్టెకు నిప్పు పెట్టబోతున్నారు. ఫెబా చున్నీ తీసింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. క్యాను పట్టుకుని విసవిసా దొడ్డిలోకి నడిచింది. వెనకే శ్రీదివ్య.

“ఆగు బాబాయ్. కాల్చకముందే నాకు ముక్క కొయ్యి.”

జీపు వచ్చిన రోజు ఆమెను ఎత్తిపొడుపుగా ‘మేడమ్ గారూ’ అనే సాల్మన్, ఆ మాటే మర్చిపోయాడు. “పిచ్చా ఏంది అమ్మాయ్? జనం చూస్తన్నారు.”

చూస్తూనే ఉన్నారు. సంచులతో నిలబడ్డవాళ్ళలో బుల్లయ్య గొంతు లేపాడు. “ఏంది సాల్మనూ, ఆఫీసోళ్ళు ముక్క తీస్తన్నారంటే జబ్బు పందేగా?” ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు.

“నా బేరం ముంచకు తల్లీ!” అన్నాడు సాల్మన్, వెళ్ళిపోతున్నవాళ్ళ వంక చూస్తూ.

ఫెబాకు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు.

“జబ్బూ లేదు, గిబ్బూ లేదు! కండ పెంచే జీను ఎంత పని చేస్తందో చూట్టానికి తీస్తన్నా. ఆలస్యమైతే దాని గుర్తు చెరిగిపోద్ది. బాబాయ్, ముందు రెండు కిలోలు నాకే తూచు. కొవ్వున్న కాడ ఇయ్యి. చిన్నప్పట్నించీ ఈ దొడ్డి కూరేగా మేం తినేది. అమ్మ కారం నూరి కూర్చుంది.”

వెనక శ్రీదివ్య ఉందని తెలిసే అంది. అన్నాక మాత్రం తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

వెళ్ళబోయినవాళ్ళు ఆగారు. సాల్మన్ కత్తి దించాడు. ముక్క వెచ్చవెచ్చగా క్యానులో పడి చుయ్యిమంది.

దారంతా కూర సంచి ఫెబా కాళ్ళ దగ్గరే ఉంది. శ్రీదివ్య కిటికీలోంచి మిరప కల్లాలు చూస్తూ కూర్చుంది.

సోమవారం గీతలు వచ్చాయి. రెండూ తేటగా, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. శ్రీదివ్య “అక్కా!” అని అరిచి ఫెబా చెయ్యి నలిపేసింది. పెద్ద మేడమ్ వచ్చి చూసి తల ఊపారు. ఉద్యోగం నిలిచింది.

మధ్యాహ్నం మాత్రం శ్రీదివ్య తన డబ్బా తీసుకుని కిటికీ పక్క బల్ల దగ్గరకు వెళ్ళింది, ఫోను చూసుకుంటూ. ఫెబాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. లేచి, తన డబ్బాతో వెళ్ళి ఆ బల్లకు ఎదురుగా కూర్చుంది. మూత తీసింది. పందికూర.

“నీ డబ్బాలో చెయ్యి పెట్టను దివ్యా, నా డబ్బాలో నువ్వు పెట్టొద్దు. కానీ ఇక నుంచి నేను ఏం తిన్నా నీ ఎదురుగానే తింటా” అంది.

శ్రీదివ్య ఫోను పక్కన పెట్టింది. కుర్చీ వెనక్కి జరపలేదు. తన అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

“ఇన్నాళ్ళూ నేనేమంటాననుకుని దాచావక్కా?”

ఫెబా డబ్బా మూత సంచిలో పడేసి, మొదటి ముద్ద కలిపింది.